కుట్టు మిషన్ల గది

మా ఆయన పదకొండు నెలలు నా చేతి వంట తినలేదు.

ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాము. పొయ్యి కూడా ఒకటే. నేను వండి పక్కకు జరిగాక ఆయన వచ్చి కూర్చుని, తన పిండి తాను కలుపుకుని, తన రొట్టె తాను తట్టుకునేవాడు. మా పల్లెలో మగవాడు జొన్నరొట్టె తట్టడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఆ రొట్టె అంచులు పగిలి, నడుమ మందంగా, ఒకవైపు మాడిపోయి ఉండేది. దాన్ని ఎర్రకారంతో తిని, చెంబెడు నీళ్లు తాగి లేచేవాడు. ఆ నీళ్లు కూడా తానే ముంచుకునేవాడు.

పక్కింటామె గోడ మీదుగా చూసి, "ఏమప్పా, రొట్టె గుండ్రంగా వస్తాందా? నన్ను రమ్మంటావా తట్టనీకి?" అని ఎగతాళి చేసేది. ఆయన తల ఎత్తేవాడు కాదు. నేను లోపల ఊరికే గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేదాన్ని.

తప్పు నాది. ఆ తప్పు ఎట్లా చేశానో, దాన్ని దించుకోవడానికి నాకు ఒక గది ఎట్లా దొరికిందో రాస్తాను. రాసే ముందు మా ఆయనకు చెప్పాను. "రాసుకో. పేర్లు మాత్రం వద్దు" అన్నాడు. ఆ గదిలో నియమం కూడా అదే.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, తారురోడ్డు దిగి లోపలికి నడవాల్సిన పల్లె. వాన పడితే పత్తి, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో పరాయి జిల్లాలకు కూలికి పోవడం. మేమూ చాలా ఏళ్లు పోయాము. కూతురిని తుగ్గలి వైపు ఇచ్చాక ఇద్దరమే మిగిలాము. పత్తి దిగే నెలల్లో మా ఆయన ఆదోని మార్కెట్‌ యార్డులో హమాలీ పనికి పోయేవాడు. తాగుడు అక్కడే మొదలైంది. మొదట్లో ఒళ్లునొప్పులకు అన్నాడు. తర్వాత కారణం చెప్పడం మానేశాడు. ఆ తర్వాత పొద్దున లేవగానే చేతులు వణకడం మొదలైంది, అవి ఆగడానికి తాగాల్సి వచ్చేది.

మా వైపు తాగేవాడిని మార్చాలంటే ముందు మాల వేయిస్తారు. మా ఆయన మూడుసార్లు వేసుకున్నాడు. మాలలో ఉన్నన్నాళ్లు మనిషి బంగారం. తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. ఊరంతా "స్వామీ, స్వామీ" అని పిలిచేది, నేను కూడా. ఆ నలభై ఒక్క రోజులూ ఇంట్లో దేవుడే ఉన్నాడనిపించేది. అయితే మాల తీసే రోజు ఎప్పుడో ఆయనకూ తెలుసు, ఆయన స్నేహితులకూ తెలుసు. మూడోసారి గుడి దగ్గర మాల తీసి మెట్లు దిగుతుంటే కింద ఇద్దరు నిలబడి ఉన్నారు. "స్వామీ, అయిపోయిందా?" అని నవ్వారు. ఆ సాయంత్రం ఆయనను ఎత్తుకుని తెచ్చి వాకిట్లో పడేసిందీ వాళ్లే.

అప్పుడు నేను పొడి కొన్నాను. సంతలో ఒకామె చెట్ల మందులు పరుచుకుని అమ్మేది. "తెలీకుండా కూట్లో కలిపి పెట్టక్కా. వారం దినాల్లో మందు వాసనకే వాంతి చేసుకుంటాడు" అంది. అందులో ఏముందని నేను అడగలేదు. తెల్లగా, వేలితో తాకితే చేదుగా ఉంది. చేదు తెలియకుండా ఉండాలని పుండికూర పప్పులో కలిపాను. పుండికూర అంటే గోంగూర. ఆయనకు అది ప్రాణం. పుల్లగా ఉంటుంది కాబట్టి ఏ రుచినైనా దాచేస్తుంది. మొదటి రోజు చిటికెడు వేశాను. ఏమీ కాలేదు. నాలుగో రోజు చెంచాడు వేశాను.

ఆ మధ్యాహ్నం ఆయన వాంతులు చేసుకుంటూ గోడకు ఆనుకున్నాడు. తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్లు పైకి పోయాయి. ఆటోలో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు నన్ను అడిగాడు.

"ఏం తిన్నాడమ్మా?"

చెప్పకపోతే చచ్చిపోతాడని భయం వేసింది. "పొడి కలిపినా సార్" అన్నాను.

"ఆ పొడిలో ఏముందో నీకు తెలుసా?"

"తెల్దు సార్."

"తెలియనిది మనిషికి ఎట్లా పెట్టావు?"

అప్పుడు చూశాను, మంచం మీద మా ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. అంతా విన్నాడు. డాక్టరు పోయాక నేను దగ్గరికి పోయి, "నీ మంచికే చేసినా, నువ్వు సచ్చిపోతావేమోనని భయమై సెప్పేసినా" అన్నాను.

ఆయన మెల్లగా, "పెట్టేటప్పుడు లేదా ఆ భయము?" అన్నాడు. నేను తెచ్చిన గంజి ముట్టలేదు. అక్కడినుంచి మొదలు, పదకొండు నెలలు.

ఆ ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాము. ఆయన నాతో మాట్లాడడు. నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరేళ్లకు. మా మహిళా సంఘంలో వేలిముద్ర వేసే వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక టీచరమ్మ సాయంత్రాలు నేర్పింది. అప్పటికి బస్సు మీది బోర్డు, రేషన్‌ కార్డు మీది మా పేర్లు చదవగలిగేదాన్ని. అంతకు మించి అవసరమూ రాలేదు. ఆ బెంచీ మీద వేరే పని లేక గోడ మీదున్నవన్నీ చదవడం మొదలుపెట్టాను. ఒక్కో మాటకు చాలాసేపు పట్టేది. ఉమ్మి వేయరాదు. చెప్పులు బయట విడవవలెను. పసిపిల్లలకు టీకాలు. మూడో రోజుకు గోడంతా అయిపోయింది, ఒక్క కాగితం తప్ప. అది గులాబీ రంగుది. దాని సగం మీద ట్యూషన్‌ కాగితం ఒకటి అంటించారు.

పైన కనబడే సగం ఇట్లా ఉంది: "తాగుడు మానాలని ఉందా? మేమూ తాగినవాళ్లమే. ఇప్పుడు తాగడం లేదు. వచ్చి మాతో కూర్చోండి."

నేను దాన్ని రెండుసార్లు చదివాను. నేను తప్పు చదివానేమోనని మూడోసారి వేలు పెట్టి చదివాను. తాగినవాళ్లు తామే తాగామని గోడకు అంటించుకుంటారా? ట్యూషన్‌ కాగితాన్ని గోరుతో గీకాను. కింద ఉన్నది సగం దానితోనే ఊడి వచ్చేసింది. మిగిలినవి కొన్ని ముక్కలు: "ఆదివారం ఉదయం పది", "ఎమ్మిగనూరు", "కుట్టు శిక్షణ". మందుల చీటీ వెనక ఆ ముక్కలన్నీ రాసుకున్నాను. సంతకం కాకుండా నా అవసరానికి నేను రాసుకున్న మొదటి రాత అదే.

ఇంటికి వచ్చేటప్పుడు డాక్టరు, తాగుడు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని, మానాలనుకున్న రోజు తన దగ్గరికి రమ్మని ఆయనకు చెప్పాడు. ఆయన తల ఊపాడు. నెల తిరగకముందే మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు తిండి కూడా ఆ మాడు రొట్టే కాబట్టి రోజురోజుకూ ఎండిపోతున్నాడు. ఒక ఆదివారం నేను సంచీలో టెంకాయ, ఊదుబత్తీలు, కొత్త పంచె పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. అవన్నీ ఎందుకంటే, అక్కడ కూడా ఏదో మాల వేస్తారనే నా నమ్మకం. దేవుడు వేరు కావచ్చు, నియమం అదే అనుకున్నాను.

బస్టాండు బయట పాన్‌ డబ్బా వాడిని అడిగాను. "నాయనా, తాగినోళ్ల సంఘం యాడుంది?"

వాడు నోట్లో వక్కపొడి ఆపి, ఎదురుగా ఉన్న మందు షాపు చూపించాడు. "ఆడే గదక్కా. పొద్దున్నుంచి మీటింగ్‌ పెట్టుకోనుండారు." పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు ముఖం మండిపోయింది. చీటీ తీసి, "కుట్టు నేర్పించే తావు" అన్నాను. అట్లాంటివి ఊళ్లో మూడు ఉన్నాయన్నారు. మొదటిదానికి తాళం వేసి ఉంది. రెండోదానిలో ఉన్నామె నా ప్రశ్న విని, "తాగుబోతులా? ఆడపిల్లలు వచ్చే తావమ్మా ఇది" అని తలుపు మూసుకుంది. అప్పటికి పన్నెండు దాటింది. టెంకాయతో సహా ఇంటికి వచ్చేశాను.

మళ్లీ ఆదివారం మూడోదానికి పోయాను. ఒక సందు చివర రేకుల కప్పు గది. బోర్డు మీద "మహిళలకు కుట్టు శిక్షణ" అని ఉంది. తిరిగి పోదామనుకున్నాను. అప్పుడు గడప ముందు చెప్పులు కనబడ్డాయి. అన్నీ మగవాళ్ల చెప్పులే, పదీ పన్నెండు జతలు. ఆడవాళ్లు కుట్టు నేర్చుకునే గదిలో ఆదివారం పొద్దున ఇంతమంది మగవాళ్లకేం పని? దొరికిందనుకున్నాను.

లోపల కుట్టు మిషన్ల మీద పాత చీరలు కప్పి ఉన్నాయి. వాటి నడుమ స్టూళ్ల మీద, బెంచీల మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర ఒక పెద్దాయన. ఎమ్మిగనూరులోనే మగ్గం నేసే ఆయన అని తర్వాత తెలిసింది. నన్ను చూసి లేచాడు.

"ఎవురి కోసమొచ్చినావమ్మా?"

"మా ఇంటాయన కోసం అన్నా. ఆయన రాలేదు. మాల ఎవురు వేస్తారు?" అని సంచీ విప్పాను.

ఆయన టెంకాయను, పంచెను చూసి నవ్వు ఆపుకున్నాడు. "మాల లేదు తల్లీ. మందూ లేదు. టీ ఉంది, తాగుతావా?"

"మరి ఎన్ని దినాలు నియమం?"

"ఈ పొద్దు ఒక్కటే."

"రేపు?"

"రేపు వస్తుంది గదా, అప్పుడు సూస్తాం."

నాకు కోపం వచ్చింది. నలభై ఒక్క రోజులు నిలబడని మనిషి ఒక్క రోజుకు మారతాడా? ఒకాయన వెనకనుంచి, "టెంకాయ వృథా ఎందుకు, కొట్టండప్పా, టీలోకి నంజుకుందాం" అన్నాడు. నిజంగానే కొట్టారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. దేవుడి కోసం తెచ్చిన టెంకాయ కుట్టు మిషను మూలకు కొట్టి తింటున్న మనుషుల మధ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆయన్ను ఎట్ల తెచ్చేదన్నా?" అని అడిగాను.

"నువ్వు తేవద్దు. నువ్వు రా" అన్నాడు పెద్దాయన.

బయట వరండాలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల భర్తలు లోపల ఉన్నారు. అందులో ఒకామె మగ్గాలకు కండెలు చుట్టే అక్క. ఆమె నాకు చాప జరిపి చోటు ఇచ్చింది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలిపెట్టి పోవాలని మొదట చెప్పింది. అందుకే అక్కడి వాళ్ల కష్టాలు ఇక్కడ రాయను. వాళ్లు సరేనన్న ఒకటి రెండు మాటలు మాత్రం రాస్తాను.

నేను ప్రతి ఆదివారం పోసాగాను. ఆయన గురించి అన్నీ చెప్పేదాన్ని. ఎక్కడ పడిపోయాడు, ఎవరితో తిట్టించుకున్నాడు, ఎన్నిసార్లు మాల వేసుకున్నాడు. పొడి సంగతి మాత్రం చెప్పలేదు. ఒక రోజు కండెల అక్క నా మోచేయి పట్టుకుని, "మీ ఆయన కథ మాకు కంఠతా వచ్చేసిందిలే. నీది సెప్పు" అంది. నేను నేల చూస్తూ చెప్పాను. చెప్పాక తల ఎత్తడానికి భయం వేసింది.

రెండో ఆమె అంది, "పొడేనా? నేను కషాయం పోసినా సాంబార్లో. మా మొగుడు బాగుందని రెండోసారి పోయించుకున్నాడు."

ముగ్గురం నవ్వాము. నవ్వి నవ్వి నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. నెలల తర్వాత నవ్వడం. అప్పుడు కండెల అక్క నవ్వు ఆపి అడిగింది, "ఆయనతో సెప్పినావా, తప్పు చేసినానని?"

"సెప్పినా. నీ మంచికే చేసినానని సెప్పినా."

"అది సెప్పినట్ల కాదు. 'నీ మంచికే' తీసేసి సెప్పు."

ఇంటికి వస్తూ బస్సులో ఆ మాటను లోపల చాలాసార్లు అనుకుని చూసుకున్నాను. 'నీ మంచికే' తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలడం లేదు. ఆ పొద్దు చెప్పలేకపోయాను.

నేను ఆదివారం ఆదివారం ఎక్కడికి పోతున్నానో మా ఆయనకు తెలియక కాదు. దాచలేదు. మొదటిసారి చెప్పినప్పుడు, "తాగేది నేనైతే సంఘానికి పోయేది నువ్వా? బాగుండాది" అని వెటకారం చేశాడు. ఆ తర్వాత ఒకటి గమనించాను. నేను బస్సు దిగి ఇంటికి రాగానే ఆయన నా సంచీ వెతికేవాడు. తమలపాకులు విప్పి చూసేవాడు, కొంగు ముడి వైపు చూసేవాడు. ఇంకో పొడి తెస్తున్నానని ఆయన అనుమానం. నేను ఏమని అనగలను? అట్లా అనుమానపడేట్టు చేసింది నేనే.

నాలుగైదు నెలలు గడిచాక ఒక ఆదివారం ఆయన చొక్కా వేసుకుని నాకంటే ముందు రోడ్డు మీద నిలబడ్డాడు.

"యాడికి?" అన్నాను.

"నువ్వు పోయే తావుకే. ఆడ ఏం మందు ఇస్తారో నేను సూడాల" అన్నాడు. బస్సులో నాకు దూరంగా, వెనక సీట్లో కూర్చున్నాడు.

గది గడప దాటగానే మా ఆయన ఆగిపోయాడు. మూలన తొట్టి దగ్గర ఒకాయన పంచె పైకి కట్టి టీ గ్లాసులు కడుగుతున్నాడు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సావుకారు ఆయన. మా ఆయన ఎన్నో ఏళ్లు ఆయన లారీలకు బస్తాలు ఎత్తాడు. ఆదోనిలో అందరికీ తన ముఖం తెలుసని, అందుకే ఆయన ఇంత దూరం వచ్చేవాడు. ఇది రాయడానికి ఆయనే ఒప్పుకున్నాడు. మా ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని గోడకు ఒదిగాడు.

సావుకారు చూశాడు. చేతులు తుడుచుకుని వచ్చి, "కూసోప్పా. ఈడ సావుకార్లు లేరు" అన్నాడు. పక్కనే స్టూలు జరిపాడు. మా ఆయన అంచున కూర్చున్నాడు, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా.

ఆ రోజు తిరుగు బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నాడు. సగం దారి దాటాక తనలో తాను అన్నట్టు, "తాను కడిగిన గ్లాసులో నాకు టీ ఇచ్చినాడే సావుకారు. ఆయన చేతులూ వణికేవంట" అన్నాడు. ఇంటికి వచ్చాక సంచీ వెతకలేదు.

మరుసటి వారం ఆయనే ఆసుపత్రికి పోయి ఆ డాక్టరును కలిశాడు. డాక్టరు మందులు రాసిచ్చాడు. చేతులు వణకడం తగ్గింది. ఆదివారాలు ఇద్దరం కలిసి పోయేవాళ్లం. ఆయన లోపల, నేను వరండాలో. ఆరు ఆదివారాలు గడిచాయి. తాగలేదు. అయినా రొట్టె మాత్రం తనదే. అడిగే మొహం నాకు లేదు.

ఏడో వారం యార్డులో పని ముగిసిన రోజు పాత స్నేహితులతో తాగి వచ్చాడు. మరునాడు లేవలేదు. ఆదివారం రానన్నాడు. "నా బతుకు ఇంతే. నువ్వూ మానుకో" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఒక్కదాన్నే పోయి వరండాలో చెప్పాను.

రెండు రోజులకు మధ్యాహ్నం పూట ఎండలో నడుచుకుంటూ మగ్గం పెద్దాయన మా వాకిట్లోకి వచ్చాడు. రోడ్డు దగ్గర బస్సు దిగి అంత దూరం నడిచి వచ్చాడు. మా ఆయన సిగ్గుతో లేచి కూర్చున్నాడు. పెద్దాయన తాగుడు మాట ఎత్తనే లేదు. చెప్పులు విడిచి, ముఖం కడుక్కుని, "అమ్మా, ఆకలైతాంది. ఏముంటే అది పెట్టు" అన్నాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంటికి వచ్చిన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అన్నం పెట్టకూడదు. ఇంటి యజమాని పక్కన కూర్చోవాలి. ఆయన చెయ్యి పెట్టేదాకా వచ్చిన మనిషి పళ్లెం ముట్టడు. పెద్దాయనకూ ఆ సంగతి తెలుసు. పళ్లెం ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మా ఆయన వైపు చూస్తూ కూర్చున్నాడు. రొట్టె, వంకాయ కూర, మజ్జిగ. ఆవిరి పోయి అన్నీ చల్లబడుతున్నాయి.

"నువ్వు తినన్నా" అన్నాడు మా ఆయన.

"నువ్వు కూసోకుండా ఎట్ల తినేది?"

మా ఆయన లేచి తన డబ్బా తెచ్చుకున్నాడు. పొద్దున తానే తట్టుకున్న మాడు రొట్టె. పక్కన కూర్చుని ఆ రొట్టె తుంచాడు. పెద్దాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు తినడం మొదలుపెట్టాడు. నిదానంగా, నా కూరను మెచ్చుకుంటూ, రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు. నేను ఇక ఆగలేకపోయాను. గడప దగ్గర కూర్చుని, పెద్దాయన ఎదుటనే మా ఆయనతో అన్నాను.

"నీ కూట్లో నీకు తెలీకుండా పొడి కలిపినా. తప్పు చేసినా. ఇంగ కలపను."

'నీ మంచికే' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రొట్టె ముక్క మా ఆయన చేతిలోనే ఉండిపోయింది. కొంచెంసేపటికి తన చెంబు నా వైపు జరిపి, "కొంచెం మజ్జిగ పొయ్యి" అన్నాడు. పోశాను. గడగడా తాగేశాడు. అంతే. కూర ముట్టలేదు.

పోయేటప్పుడు పెద్దాయన చెప్పులు వేసుకుంటూ మా ఆయనతో, "మగ్గం మీద పోగు తెగుతాది. తెగిందని చీరె చించుతామా? ముడేసుకోని నేస్తాం. ఆ ముడి కనపడతాది, కనపడనీలే" అన్నాడు. "ఆదివారం గ్లాసులు కడిగేది నీ వంతు. మర్సిపోవద్దు."

ఆ ఆదివారం మా ఆయన గ్లాసులు కడిగాడు. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాడు. నేను లోపల లెక్కపెట్టుకునేదాన్ని, ఆయన లెక్కపెట్టుకునేవాడు కాదు. "మాలప్పుడు లెక్క పెట్టుకోనే చెడిపోయినా" అనేవాడు. ఎవరైనా అడిగితే, "ఈ పొద్దు తాగలేదు" అనేవాడు.

మూడు నెలల తర్వాత ఒకసారి గదిలో టీ తాగుతుంటే, కొత్తవాళ్లు ఎవరూ రావడం లేదని మాట వచ్చింది. నేను ఆసుపత్రి గోడ మీది కాగితం గురించి చెప్పాను. దాన్ని వెతుక్కుంటూ మూడు కుట్టు గదులు తిరిగిన సంగతి చెప్పాను. "పాన్‌ డబ్బా వాడు నన్ను మందు షాపుకు పంపిచ్చినాడు" అంటే అందరూ నవ్వారు. సావుకారు తెల్ల కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "అట్లయితే నువ్వే రాయక్కా. దావ తెలియనోళ్లకు దావ ఎట్ల సెప్పాలో నీకే తెలుసు" అన్నాడు.

నేనా, రాసేదా, అనుకున్నాను. కానీ రాశాను. ఒక్కో కాగితానికి ఒక గంట పట్టింది. అక్షరాలు పెద్దవిగా, బెంచీ మీద కూర్చుని చదివే ఆడమనిషికి కనబడేట్టు రాశాను. బస్టాండు నుంచి ఏ వైపు తిరగాలి, సందు ఎక్కడ, రేకుల కప్పు, గడప ముందు మగవాళ్ల చెప్పులు. అన్నిటికంటే కింద, ఎవరూ చెప్పకపోయినా నేనే ఒక మాట చేర్చాను: "ఆయన రాకపోయినా మీరు రండి."

వాటిని అంటించడానికి జిగురు కావాలి. ఒక పొద్దున పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్లలో మైదా పిండి వేసి కలుపుతున్నాను. తెల్లగా ఉడుకుతోంది. మా ఆయన తన రొట్టెకు పిండి తీసుకుందామని వచ్చాడు. గిన్నెలోకి తొంగి చూశాడు. పక్కనున్న పొట్లంలోని తెల్ల పొడిని చూశాడు. నా చెయ్యి ఆగిపోయింది. ఏం చెప్పినా నమ్మడనిపించింది.

ఆయన పొట్లం ఎత్తి వాసన చూసి, "ఏమే, ఈసారి శానా ఎక్కువ కలుపుతాండావే. ఊరంతటికా?" అన్నాడు.

ముఖం చూస్తే పెదవి వణుకుతోంది. ఏడుపు కాదు, నవ్వు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె వదిలేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. "గోడలకు" అన్నాను. "ఆసుపత్రి గోడలకు పెడతాండా." ఆయన పెద్దగా నవ్వాడు. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "ఏమైందప్పా మీకిద్దరికీ?" అని అడిగింది.

నవ్వు ఆగాక ఆయన తన పిండి డబ్బా మూత తీయకుండా చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. తర్వాత దాన్ని పక్కకు జరిపాడు.

"నిన్నటి పుండికూర పప్పు ఉండాదా?"

ఉంది. నేను నా కోసం ఎప్పుడూ వండుకునేదాన్నే. ఆ పప్పు పోశాను, నేను తట్టిన రొట్టె వేశాను. పళ్లెం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని కొంచెం నా వైపు జరిపాడు.

"ముందు నువ్వు తిను."

ఆ మాటలో ఎగతాళి లేదు, కోపం లేదు. నాకు తప్పుగా అనిపించలేదు. అడగాల్సిన మాటే అడిగాడు. ఇంట్లో మగవాడి కంటే ముందు నేను ఎన్నడూ తినలేదు, అదీ ఆయన పళ్లెంలోనుంచి. రొట్టె ముక్క తుంచి, పప్పులో అద్ది, ఆయన చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. నమిలి మింగేదాకా చూశాడు. తర్వాత అదే చోట తానూ తుంచుకున్నాడు.

రెండు ముక్కలు తిన్నాక, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఉప్పు డబ్బా అందించాను. తానే వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఆదోని పోయి, ఆసుపత్రి గోడ మీద, సరిగ్గా నేను కూర్చున్న బెంచీకి ఎదురుగా, మొదటి కాగితం అంటించాము. ఆయన జిగురు పూశాడు, నేను కాగితం పట్టుకున్నాను. ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ కొన్ని రోజులు ఆయన రొట్టె తానే తట్టుకుంటాడు. అలవాటైంది అంటాడు. ఇప్పుడు గుండ్రంగానే వస్తోంది. నాకూ ఒకటి తట్టి పెడతాడు. మొన్న ఆదివారం వరండాలోకి కొత్తగా ఒక ఆడమనిషి వచ్చింది. సంచీ గుండెకు అదుముకుని గడప దగ్గర నిలబడిపోయింది. చెప్పులు చూసి కనుక్కున్నానంది.

నేను చాప జరిపాను.